సోడియం మీద వ్యాసం రాసిన అమ్మాయికి

నల్లకుంట, హైదరాబాద్

అమ్మడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యలో లేచి టీ పెట్టుకున్నాను. అబద్ధమెందుకు, విసుగొచ్చింది. పరమాణు సంఖ్య 11, సాంద్రత 0.97, ద్రవీభవన స్థానం 98 డిగ్రీలు అని వరసపెట్టి అప్పజెప్పావు. అన్నీ కరెక్టే. ఇంటర్ గైడులోనూ అవే ఉంటాయి. అసలు సోడియంని ఎప్పుడైనా చూశావా?

నేను ఇంటర్ చదివేటప్పుడు చూశాను. ఈ ఊళ్లోనే ఒక కాలేజీ, పేరెందుకులే. ల్యాబ్ అటెండర్ కిరోసిన్ సీసాలోంచి పటకారుతో ఓ గడ్డ తీశాడు. పైనంతా బూజు పట్టిన బెల్లంలా తెల్లటి పెచ్చు. కాగితం మీద పెట్టి మామూలు చాకుతో కోస్తే జున్నులా తెగింది. లోపల కొత్త స్టీలు గ్లాసు మెరుపు! వెనక వరసలో వాళ్లు తొంగిచూసేలోపే అదీ మసకేసింది. 'మృదువైన లోహం, గాలిలో త్వరగా ఆక్సీకరణం చెందును' అని నువ్వు రాసిన వాక్యం నాకు ఆ చాకు కింద కనిపించింది.

తర్వాత శనగబద్దలో సగమంత ముక్క తొట్టిలో వేశాడు. నువ్వేమో 'నీటిలో వేయగానే మండును' అన్నావు. నా మొదటి వ్యాసంలో నేనూ అదే రాసి, ఒక కెమిస్ట్రీ లెక్చరర్ చేత పోస్టుకార్డు మీద చివాట్లు తిన్నాను. అంత చిన్న ముక్క సాధారణంగా మండదు. నీటికన్నా తేలిక కదా, తేలుతుంది. ఆ వేడికి కరిగి గుండ్రటి పూసలా మారి, బుస్సుమంటూ తొట్టంతా పరుగులు పెడుతుంది. నీళ్లలో ముందే ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీగా మారే రసాయనం) వేసి ఉంటే ముక్క వెళ్లిన దారంతా గులాబీ రంగు. అదే ముక్కని నీటిమీద వడపోత కాగితం వేసి దానిమీద ఉంచితే, కదలడానికి లేక వేడంతా ఒకేచోట పోగై పసుపుమంట లేస్తుంది. ముక్క పెద్దదైతే పేలుతుంది.

సోడియం నీటితో కలిసినప్పుడు పుట్టిన హైడ్రోజన్ అంటుకోవడం వల్లే పేలుతుందని మేం చదువుకున్నాం. 2015లో పావెల్ యుంగ్‌విర్త్ అనే చెక్ శాస్త్రవేత్త బృందం సోడియం, పొటాషియం కలిసిన మిశ్రలోహం చుక్కని నీళ్లలోకి వదిలి హైస్పీడ్ కెమెరాతో తీసింది. నీటిని తాకిన మిల్లీసెకను లోపే చుక్కలోంచి ముళ్లు పొడుచుకొచ్చాయి. ఎలక్ట్రాన్లు నీళ్లలోకి దూకేస్తే, వెనక మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని లోహాన్నే చీల్చేశాయట. దీన్ని వదిలేసి సాంద్రతకి పేరా కేటాయించావు!

ఇక ఉప్పు. 'భగ్గుమనే సోడియం, విషవాయువు క్లోరిన్ కలిస్తే మన వంటింటి ఉప్పు, ఎంత వింత!' ఈ వాక్యం ఎన్ని వ్యాసాల్లో చదివానో లెక్కలేదు. ఆశ్చర్యపడి అక్కడే ఆగిపోతే ఎలా? సోడియంకున్న పదకొండు ఎలక్ట్రాన్లలో చివరిది మూడో కక్ష్యలో ఒంటరిగా ఉంది. దాన్ని వదిలించుకోవాలనే లోహం గోలంతా. ఉప్పులో అది క్లోరిన్‌కి ఎప్పుడో ఇచ్చేసి, అప్పు తీరినవాడిలా నిమ్మళంగా కూర్చుంది. ఇచ్చేసినదాన్ని మళ్లీ దానికే అంటగట్టడం ఎంత కష్టమంటే, కాస్టిక్ సోడా అనే మరో సోడియం సమ్మేళనంలోకి కరెంటు పంపి హంఫ్రీ డేవీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఆ లోహాన్ని విడదీసేసరికి 1807 వచ్చింది. ఉప్పు తినడం మనకి ఎన్ని వేల ఏళ్ల అలవాటో చూడు.

ఆఖరి పేజీలో 'రోజుకు 5 గ్రాముల సోడియం మించరాదు' అన్నావు. ఇది మాత్రం ఈ రాత్రే దిద్దు. 5 గ్రాములు ఉప్పు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది సోడియమైతే 2 గ్రాముల లోపు. బీపీ ఉన్నవాళ్లెవరైనా నీ మాట నమ్మితే రెండున్నర రెట్లు తింటారు.

మీ అమ్మమ్మ పొలం చౌడు పట్టిందని ఓసారి అన్నావు గుర్తుందా? అదీ సోడియమే. బంకమట్టి రేణువుల్ని విడగొట్టి, నీళ్లు ఇంకకుండా చేస్తుంది. జిప్సం ఎందుకు చల్లుతారో, చాకళ్లు ఆ చౌడుతో బట్టలెలా ఉతికేవారో ఆవిడనే అడిగి రాసుకురా. అక్కణ్నించి మొదలెట్టినా బాగుంటుంది.

ఆదివారం పదింటికల్లా ఇంటికి రా. పప్పు పొంగి స్టవ్ మీద పడితే నీలిమంట పసుపవుతుంది, చూసే ఉంటావు. పప్పులో ఉన్న ఉప్పు పని అది. ఒకప్పుడు ట్యాంక్‌బండ్ మీద వెలిగిన సోడియం దీపాల పసుపుకీ మూలం ఈ సోడియమే. చిటికెడు ఉప్పు మంటలో వేసి చూపిస్తాను. మీ పిన్ని బర్నర్ పాడవుతుందని గొణుగుతుంది, నువ్వేం పట్టించుకోకు. కొత్త ప్రతి పెన్సిల్‌తో రాసి తే.

ఉంటాను,
బాబాయి