అబ్బాయి ఆపరేషన్ అంటున్నాడు, నా భయం ఎవరికీ చెప్పుకోలేను

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. రక్తపరీక్షలో పీఎస్ఏ 6.8, క్యాన్సర్ తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 6. వెంటనే చికిత్స లేకుండా పరీక్షలతో గమనిస్తూ ఉండొచ్చు, ఆపరేషనో రేడియేషనో అయినా చేయించుకోవచ్చు, ఆలోచించుకోమన్నారు డాక్టర్. మా అబ్బాయి వెంటనే ఆపరేషన్ చేయించేద్దామంటున్నాడు. మూత్రం ఆగదేమో, దాంపత్యం ముగిసిపోతుందేమో అని నాకు నిద్ర పట్టడం లేదు. ఈ వయసులో ఆ మాట పిల్లలకెలా చెప్పను?

జవాబు: ఆ చివరి మాట రాయడానికి మీరెంత తటపటాయించి ఉంటారో నాకు తెలుసు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదండీ. భార్యకు దగ్గరగా ఉండాలనుకోవడానికి వయసు అడ్డేమిటి? అది మనసులో దాచుకుని 'సరే, చేయించేయండి' అనేస్తే, ఆ తర్వాత రోజులు గడపాల్సింది మీరూ ఆవిడా.

ముందు తొందర తగ్గించుకోండి. గ్లీసన్ 6 అన్నది ఈ జబ్బులో బాగా నెమ్మదిగా కదిలే రకం. నిర్ణయానికి కొన్ని వారాలు తీసుకున్నా మించిపోయేదేమీ ఉండదు. బ్రిటన్‌లో 1,643 మందిని ఈ మూడు దారుల్లో పంపి 15 ఏళ్లు గమనించారు. 2023లో ఫలితాలు వచ్చాయి. ఏ దారిలోనైనా ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ముగ్గురికి అటూ ఇటూ, అంతే. అయితే జబ్బు ఒంట్లో వేరేచోటికి పాకడం గమనిస్తూ ఉన్నవాళ్లలో నూటికి 9 మందికి, మిగతావాళ్లలో దాదాపు 5 మందికి కనిపించింది. గమనిస్తూ ఉన్నవాళ్లలో సగానికి పైగా తర్వాతెప్పుడో చికిత్సకు వెళ్లారు కూడా. ఈ లెక్క మీ అబ్బాయికి చెప్పండి. అతని తొందర వెనక ఉన్నది నాన్న పోతాడేమోనన్న భయమే.

ఇక మీ భయాల సంగతి. ఆపరేషన్ తర్వాత మూత్రం ట్యూబు తీసిన రోజు నుంచి దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా మూత్రం కారొచ్చు. చాలామందికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి ప్యాడ్ తప్పదు. ఆపరేషన్‌కు ముందు నుంచే కెగెల్ వ్యాయామాలు (మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదలడం) మొదలుపెడితే మేలు. అంగస్తంభనకు పనికొచ్చే నరాలు ప్రోస్టేట్ గ్రంథిని అంటిపెట్టుకునే ఉంటాయి. వాటిని కాపాడినా కోలుకోవడానికి ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు, అందరికీ పూర్తిగా రాదు. వీర్యం మాత్రం ఇక రాదు. రేడియేషన్‌లో మూత్రం కారడం తక్కువ, కానీ విరేచనానికి తొందర, రక్తం పడటం ఉండొచ్చు. దాంపత్య సామర్థ్యం ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంది.

నా దగ్గరకొచ్చిన ఒకాయన ఆపరేషన్ తర్వాత పక్క తడుస్తుందని పడక హాల్లోకి మార్చేసుకున్నారు. ఎందుకో చెప్పలేదు. తన మీద కోపమేమోనని ఆరు నెలలు కుమిలిపోయింది ఆయన భార్య. ఆ ఇంట్లో దూరం పెంచింది జబ్బు కాదు, చెప్పకపోవడం.

మీ ఉత్తరంలో అబ్బాయి మాట ఉంది, డాక్టర్ మాట ఉంది. మీ ఆవిడ ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. ముందు ఆవిడతో మాట్లాడండి, ఎదురెదురుగా కూర్చోలేకపోతే పక్కపక్కన నడుస్తూనైనా. డాక్టర్ దగ్గరకు ఇద్దరూ వెళ్లండి. 'మీరు ఆపరేషన్ చేసినవాళ్లలో ఏడాది తర్వాత ప్యాడ్ వాడుతున్నవాళ్లెందరు, నా విషయంలో నరాలు కాపాడగలరా' అని ఆయన్ని సూటిగా అడగండి.

ఎంఆర్ఐలో వేరే అనుమానమేదీ లేకపోతే, గమనిస్తూ ఉండటమే మీకు నప్పుతుందని నాకనిపిస్తోంది. కాకపోతే ఆరేసి నెలలకు పీఎస్ఏ, అప్పుడప్పుడూ ఎంఆర్ఐ, మళ్లీ బయాప్సీ, ఏదీ మానకూడదు. ఒంట్లో క్యాన్సర్ ఉందన్న ఊహతోనే తిండి సయించని మనిషైతే ఆయనకు ఆపరేషనే మనశ్శాంతి కావచ్చు, అందులో తప్పేం లేదు. మీరు ఏ రకం మనిషో మీకన్నా ఆవిడకే బాగా తెలిసి ఉంటుంది, అడిగి చూడండి.