ఇల్లు తెల్లాపూర్‌లో, స్కూల్ నారాయణగూడలో

ప్రశ్న: మేడమ్ నమస్తే. మేం హైదరాబాద్ నల్లకుంటలో అద్దెకుంటున్నాం, రెండు బెడ్రూముల పోర్షన్, 22 వేలు. బాబు ఏడో క్లాస్, పాప మూడో క్లాస్. ఇద్దరూ నారాయణగూడలో ఒక ప్రైవేట్ స్కూల్లో, స్టేట్ సిలబస్, ఒక్కొక్కరికి ఏడాదికి 70 వేలు. మా ఆయన ఆఫీస్ రాయదుర్గం మెట్రో పక్కనే. ఇప్పుడు ఊరి చివర తెల్లాపూర్‌లో 95 లక్షల్లో మూడు బెడ్రూముల ఫ్లాట్ చూశాం, 70 లక్షలు లోన్ పెడితే ఎనిమిదిన్నర పర్సెంట్ వడ్డీతో 20 ఏళ్లకి ఈఎంఐ 61 వేల దాకా అంటున్నారు. పార్కు, స్విమ్మింగ్ పూల్ అన్నీ ఉన్నాయి, పిల్లలు చూసినప్పట్నుంచి ఎగురుతున్నారు. మా స్కూల్ బస్ అటు రాదు. అక్కడ ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో అడిగితే ఒక్కొక్కరికి లక్షా 80 వేలు, చేరేటప్పుడు ఇంకో 50 వేలు, అది తిరిగి ఇవ్వరంట. మా అత్తయ్యేమో నేను రాను అంటున్నారు, శంకర మఠం, కూరగాయల మార్కెట్ రెండూ ఆవిడకి నడిచెళ్లే దూరం. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న సోదరి, నల్లకుంట

జవాబు: చెల్లీ, ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్లాట్ ఎప్పుడు చూశారో రాయలేదు గానీ ఆదివారమే అయ్యుంటుంది, అందరం ఆదివారమే కదా వెళ్తాం, బ్రోకర్ కారులో తీసుకెళ్తాడు, రోడ్లు ఖాళీగా ఉంటాయి, అరగంటలో వచ్చేశాం చూశారా అంటాడు. ఒకసారి సోమవారం పొద్దున ఆరున్నరకి ఆ అపార్ట్‌మెంట్ గేటు ముందు నిలబడండి. ఎన్ని పసుపు బస్సులు వస్తున్నాయి, ఏ స్కూళ్లవి, ఎంత చిన్న పిల్లలు ఎక్కుతున్నారు, వాళ్ల మొహాలు ఎలా ఉన్నాయి చూడండి. బ్రోచర్‌లో ఇది రాయరు.

నా సంగతి చెప్తా. కొన్నేళ్ల క్రితం మేం కూడా ఊరి బయట కొనుక్కుని స్కూల్ మాత్రం మార్చకుండా వెళ్లాం, అప్పుడు మా అమ్మాయి నాలుగో క్లాస్. స్కూల్ బస్ ఎప్పుడూ దూరం వాళ్ల దగ్గర మొదలుపెట్టి దగ్గర వాళ్లని ఏరుకుంటూ వెళ్తుంది, సాయంత్రం దగ్గర వాళ్లని దింపుకుంటూ వస్తుంది, అంటే పొద్దున ఫస్ట్ స్టాప్ మాదే, సాయంత్రం లాస్ట్ స్టాపూ మాదే. 6:35కి ఎక్కితే 8:20కి స్కూల్. ఇంట్లో ఏమీ తినేది కాదు, బస్సులో తింటుందిలే అని ఇడ్లీ కారప్పొడి డబ్బాలో పెట్టేదాన్ని. ఒకరోజు సాయంత్రం బ్యాగ్ తీస్తే పుల్లటి వాసన, అడుగున మూడు రోజుల ఇడ్లీలు మూడు కవర్లలో చుట్టి ఉన్నాయి. బస్సులో ఎవరో పిల్లాడు వాంతి చేసుకున్నాడంట, అప్పట్నుంచి అక్కడ తినబుద్ధి కాక, నాకు చెప్తే తిడతానని దాచింది. ఏడాదిన్నర అయ్యాక ఇల్లు అద్దెకిచ్చేసి మళ్లీ సిటీలోకి వచ్చాం, ఇంటీరియర్స్ కోసం పెట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ మా ఆయన మాట్లాడరు.

మీరు స్కూల్ కూడా మార్చేద్దాం అంటున్నారు, కాబట్టి మీకు బస్ బాధ ఉండదు, నిజమే. కానీ లెక్క చూడండి. ఒక్కొక్కరికి లక్షా 10 వేలు ఎక్కువ, ఇద్దరికీ రెండు లక్షల 20 వేలు, నెలకి వేస్తే 18 వేల పైనే. అంటే ఇల్లు మీకు 61 వేలకి రావట్లేదు, 79 వేలకి వస్తోంది, పైగా ఈఎంఐ రేటు ఎప్పుడైనా తగ్గుతుందేమో గానీ స్కూల్ ఫీజు తగ్గిన ఏడాది నేనైతే చూడలేదు. అద్దె 22 వేలు మిగులుతుంది కదా అంటారు, అందులోంచి మెయింటెనెన్స్ తీసేయండి. రిజిస్ట్రేషన్ తెలంగాణలో అన్నీ కలిపి ఏడున్నర పర్సెంట్, మీ రేటు మీద ఏడు లక్షలు దాటుతుంది. ఇంకా కడుతున్న బిల్డింగ్ అయితే జీఎస్టీ 5 పర్సెంట్, ఓసీ, అంటే బిల్డింగ్ పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అది వచ్చిన తర్వాత కొంటే జీఎస్టీ ఉండదు. ఓసీ కాగితం చూపించమనండి, వస్తుందండీ అనే మాట చాలదు. నీళ్ల సంగతి కూడా అక్కడ ఉంటున్న వాళ్లనే అడగండి, వాచ్‌మెన్‌ని అడిగినా చెప్తాడు ఏప్రిల్‌లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో.

మీ వారి విషయం. ఆయనకి ఇప్పుడు చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో గ్రీన్ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారితే బ్లూ లైన్ నేరుగా రాయదుర్గంలో దింపుతుంది. గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో మొదలయ్యాక మీ నల్లకుంట వైపు వాళ్లకి ఇది పెద్ద వరం, ఎండలో వానలో సిగ్నళ్ల దగ్గర నిలబడే పని లేదు. తెల్లాపూర్‌కి మెట్రో లేదు, బైక్ మీద ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కనివ్వరు, సర్వీస్ రోడ్డే గతి, లేదంటే కారు. ఆయనకి కిలోమీటర్లు తగ్గుతాయి గానీ టైమ్ అదే లెక్కన తగ్గుతుందని అనుకోకండి.

అలాగని నల్లకుంట స్వర్గం అని నేననను. సెల్లార్‌లో బైకుల మధ్య క్రికెట్ ఆడే పిల్లలకి ఆ పార్కు చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే కొనొద్దు అని చెప్పను, ఇప్పుడే వెళ్లొద్దు అంటున్నా. మీ పిల్లల క్లాసులు చూడండి. బాబు పదో తరగతి పూర్తయ్యే ఏడాదే పాప ఆరు పూర్తి చేస్తుంది. అప్పుడు బాబుకి ఎలాగూ ఇంటర్ కాలేజ్ వెతకాలి, మన దగ్గర పది అవ్వగానే స్కూల్ సంబంధం తెగిపోతుంది కదా, ఎంపీసీయో బైపీసీయో, డే స్కాలరో హాస్టలో, కూకట్‌పల్లి, మియాపూర్ వైపు అయినా ఇటు అయినా కొత్తగా చూసుకోవాల్సిందే. పాప ఏడులో కొత్త స్కూల్లో చేరితే సర్దుకోవడానికి రెండేళ్లు దొరుకుతాయి, ఎందుకంటే సీబీఎస్‌ఈలో తొమ్మిదిలో బోర్డ్ రిజిస్ట్రేషన్ చేసేస్తారు, ఆ తర్వాత మార్చాలంటే కారణాలు, పర్మిషన్లు, టీసీలు, పెద్ద తతంగం. బాబుని ఇప్పుడు ఎనిమిదిలో సీబీఎస్‌ఈకి తెస్తే మాత్రం ఏడాదిలోనే తొమ్మిది, ఆ పైన పది, ఫ్రెండ్స్ కొత్త, టీచర్లు కొత్త, సిలబస్ కొత్త, ఎందుకా కంగారు.

కాబట్టి ధర నచ్చి కాగితాలు సరిగ్గా ఉంటే ఫ్లాట్ కొనండి, మూడేళ్లు అద్దెకివ్వండి, మీరు నల్లకుంటలోనే ఉండండి. వచ్చే అద్దె ఈఎంఐకి సరిపోదు, ఆ తేడా మీ జీతాలు మోయగలిగితేనే కొనండి, లేదంటే మూడేళ్లు ఆగండి. అత్తయ్యగారిని మాత్రం ఇప్పట్నుంచే ఒప్పించే ప్రయత్నం చేయకండి. పూల్ చూపించి లాభం లేదు. అక్కడ గుడి ఎంత దూరం, కూరగాయల బండి గేటు దాకా వస్తుందా, ఈ రెండూ కనుక్కుని ఉంచండి, టైమొచ్చినప్పుడు పనికొస్తాయి.

ప్రశ్న: మాది విజయవాడ. పోరంకిలో నాన్నగారు కట్టిన సొంత ఇల్లు ఖాళీగా ఉంది. పిల్లల స్కూల్ బెంజ్ సర్కిల్ దగ్గరని మేం ఇక్కడే ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. అందరూ అంత దూరం ఎందుకు అంటున్నారు. నిజంగా దూరమేనా అండీ?
– ఒక తండ్రి

జవాబు: బాబూ, పైన హైదరాబాద్ కథ చదివి భయపడకండి. మీది బందర్ రోడ్డు మీద ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల వ్యవహారం, స్కూల్ బస్ ఎటూ తిరక్కుండా వస్తే అరగంట, ముప్పావుగంట. నాన్నగారి ఇల్లు, గేటు తీస్తే వాకిలి, అద్దె లేదు, ఇంకేం కావాలి, వెళ్లిపోండి. ఒక్కటే షరతు, ఆటో వద్దు. ముందు సీట్లో డ్రైవర్‌కి అటొకడు ఇటొకడు, వెనక బ్యాగులు బయటికి వేలాడుతూ పది, పన్నెండు మంది, బందర్ రోడ్డులో లారీల పక్కన, రోజూ చూస్తూనే ఉంటారుగా. స్కూల్ బస్ రూట్ ఉందో లేదో కనుక్కుని, లేకపోతే మీ వైపు ఇంకో ముగ్గురు తల్లిదండ్రులతో కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకోండి.

ప్రశ్న: అక్కా, మేం అమెరికాలో ఫ్రిస్కోలో ఉంటాం. వచ్చే ఏడాది హైదరాబాద్ వచ్చేస్తున్నాం, పాప అక్కడ ఫోర్త్ గ్రేడ్. మంచి స్కూల్ జోన్ ఉన్న ఏరియా ఏదో చెప్తే ముందే ఇల్లు తీసుకుంటాం.
– ఒక చెల్లి, టెక్సస్

జవాబు: అక్కడ గవర్నమెంట్ స్కూల్ సీటు ఇంటి అడ్రస్‌ని బట్టి వస్తుంది, అందుకే మనవాళ్లంతా స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి ఇల్లు కొంటారు. ఇక్కడ ప్రైవేట్ స్కూళ్లకి జోన్ అంటూ ఏమీ లేదమ్మా, సీటుండి ఫీజు కడితే ఎక్కడివాళ్లయినా చేరొచ్చు, ఆ స్కూల్ పక్కింట్లో ఉన్నా సీటు గ్యారంటీ లేదు. అడ్రస్ వల్ల మారేది బస్ ఫీజూ, పాప నిద్ర లేచే టైమూ. కాబట్టి మీరు రివర్స్‌లో రండి, ముందు సీటు, తర్వాత దానికి దగ్గర్లో ఏడాది అద్దె ఇల్లు, కొనడం ఆ తర్వాత. అడ్మిషన్లు చాలాచోట్ల ముందు ఏడాది అక్టోబర్, నవంబర్ నుంచే మొదలైపోతాయి, అప్పటికే ఫోన్లు చేసి ఉంచండి. అక్కడ క్లాస్ మే చివర్లో అయిపోతుంది, ఇక్కడ సీబీఎస్‌ఈ వాళ్లు ఏప్రిల్‌లోనే కొత్త క్లాస్ మొదలుపెట్టేసి ఉంటారు, కాబట్టి పాప జూన్‌లో వస్తే ఏప్రిల్‌లో చెప్పిన పాఠాలు వెనకబడుతుంది, అది పెద్ద విషయం కాదు. హిందీ ఒక్కటి ఇప్పట్నుంచే అ ఆలతో మొదలుపెట్టించండి. తెలుగు చదవడం కూడా రాకపోతే రెండూ కలిపి రోజుకి అరగంట.