సిలువా, శిలువా? శిలకీ దానికీ చుట్టరికం ఉందా?

సందేహం: అయ్యా, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మంచి శుక్రవారం ఆరాధనకి మా కుర్రాళ్ళు ఫ్లెక్సీ కొట్టిస్తే అందులో "శిలువ" అని పడింది, పాటల పుస్తకంలో చూస్తే "సిలువ" అని ఉంది. మా బావగారేమో అది శిల నుంచి వచ్చింది కాబట్టి శ రాయడమే రైటు అంటారు. ఇంకోటండి, సిలువ దేవుడి ప్రేమకీ క్షమాపణకీ గుర్తు అని ప్రసంగాల్లో వింటాం, మరి టీవీలో "మీడియా ఆయన్ని సిలువ వేసింది" అంటారేంటి? ఏది కరెక్టో సెలవివ్వండి.

సమాధానం: ముందు బావగారి సంగతి తేల్చేద్దాం. శిలకీ సిలువకీ ఏ చుట్టరికమూ లేదండి, ఒకటి రాయి, ఇంకోటి చెక్క, కనీసం ఆ తేడా అయినా చూడాలి కదా. మనవాళ్ళకి ఏ మాట కనబడినా దానికి సంస్కృతంలో ఒక తాతగారిని వెతికి పెట్టేదాకా నిద్ర పట్టదు.

ఈ మాట అసలు ఇల్లు పడమటి దేశం. యేసు మాట్లాడింది అరమాయిక్ భాష, ఆ ఇంటిదే సిరియాక్, అందులో సిలువని స్లీబా అంటారు. మొదటి స మనం పలికే స కన్నా కాస్త గట్టిగా ఒత్తి పలుకుతారు, ఇక అచ్చు తరవాత వచ్చిన బ మెత్తబడిపోయి వ అవుతుంది, అలా స్లీవా. అరబ్బీలో సలీబ్, ఉర్దూలోనూ సలీబే. కేరళలో సిరియన్ క్రైస్తవులు ఇప్పటికీ స్లీవా అనే అంటారు, తమిళులు సిలువై అంటారు, కన్నడం వాళ్ళు శిలుబె అంటారు. మనకి ఇది అరవదేశం మీదుగా కేథలిక్ పాదిరీల వెంట నడిచొచ్చిందని నా నమ్మకం. (ఆ పాదిరి అన్న మాట కూడా మనది కాదు, పోర్చుగీసు వాళ్ళది, మేస్త్రీ, బొత్తాం కూడా వాళ్ళిచ్చినవే, అయినా ఇప్పుడు మేస్త్రీని పరాయివాడు అనేదెవరు?)

స్లీవా సిలువ ఎలా అయిందంటే, మన పాత నోళ్ళకి మాట మొదట్లోనే రెండు హల్లులు అంటుకుని ఉంటే తిరగదండి, మధ్యలో ఒక అచ్చు దూర్చి విడగొడితే గానీ నాలిక సాగదు. మా తాత క్లాసుని కిలాసు అనేవాడు, గ్లాసుని గలాసు అనేవాడు, చదువు రాక కాదు, తెలుగు నోరు కాబట్టి. కిలాసు పుట్టినట్టే సిలువ పుట్టింది. ఇంత చక్కగా తెలుగైపోయిన మాటకి పైనుంచి శ తగిలించి పట్టుబట్ట కట్టడం ఎందుకో నాకర్థం కాదు. సెలవుని శెలవు అని రాసేవాళ్ళది కూడా ఇదే జబ్బు, శ ఉంటే గౌరవం, స ఉంటే నాటు అనుకుంటారు, అదే చేత్తో మళ్ళీ శుభాకాంక్షల్ని మాత్రం సుభాకాంక్షలు చేస్తారు! మీరు "సెలవివ్వండి" అని సరిగ్గా రాశారు, సంతోషం.

అసలు మన డెల్టాలో ఈ మాట అక్షరం గురించి పట్టించుకోవాల్సిన కారణం ఒకటుంది. 1836లో ఇండియాకొచ్చి తరవాత మీ పాలకొల్లు, నరసాపురం వైపు స్థిరపడిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరల బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మందిరాల్లో గోడమీద సిలువ బొమ్మ కనపడ్డం తక్కువ, పాటల్లో మాత్రం అడుగడుక్కీ వినపడుతుంది. అంటే ఇక్కడ చాలామందికి ఈ గుర్తు కంటికన్నా ముందు చెవికి వచ్చింది, అందుకే చెవికి వినపడినట్టు రాయడమే న్యాయం.

ఇంకో ముచ్చట. "సిలువ వేశారు" అంటాం, "సిలువకి వేశారు" అనం. ఎందుకంటే మనకి ముందే "ఉరి వేయడం" ఉంది, "కొరత వేయడం" ఉంది, పరదేశం మాట వచ్చి ఆ మూసలోనే కూర్చుంది. కొరత వేయడమంటే మొనదేలిన కొయ్యకి మనిషిని గుచ్చడం, పాత కావ్యాల్లో రాజులు దొంగలకి వేసే శిక్ష. సిలువని తెలుగు చేసి కొరత అనొచ్చుగా అని ఒకాయన నాతో వాదించాడు, అనొచ్చు, కానీ అది గుచ్చడం, ఇది వేలాడదీయడం, పైగా ఈ రోజుల్లో కొరత అంటే మన రైతుకి యూరియానే గుర్తొస్తుంది. బైబిల్లో కొన్నిచోట్ల "మ్రాను" అని కూడా ఉంటుంది, మన మానే అది, నాకు చాలా ఇష్టమైన మాట. క్రూసు, క్రాసు లాటిన్ వైపు బంధువులు, వాటి గొడవ ఇప్పుడొద్దు.

ఇక టీవీ సంగతి. "మీడియా సిలువ వేసింది" అన్నది ఇంగ్లీషు వార్తని చూసి అనువాదం చేసిన మాట. మనకి తిట్టడానికి మాటలు కరువా? ఏకేశారు, కడిగేశారు, ఉతికి ఆరేశారు, దుమ్మెత్తిపోశారు, ఇన్ని ఉండగా అది ఎందుకండి. "ఆ సంసారాన్ని సిలువలా మోస్తోంది" అంటే మాత్రం ఒప్పుకుంటాను, శిక్ష పడినవాడి చేతే దుంగ మోయించేవారు రోమన్లు, ఆ బరువు అందులో ఉంది.

ప్రేమకి గుర్తు ఎలా అయిందంటారా, రోమన్ల కాలంలో అది బానిసలకీ తిరుగుబాటుదార్లకీ వేసే పరమ నీచమైన శిక్ష, మెళ్ళో వేసుకుంటారని ఎవరూ కల్లో కూడా అనుకోరు. మంచి శుక్రవారం నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు చెప్పుకుంటారు కదా, మొదటి మాట ఏంటి? వీళ్ళేం చేస్తున్నారో వీళ్ళకి తెలీదు, క్షమించు తండ్రీ అని. మేకులు కొట్టినవాళ్ళ కోసం ఆ మేకుల మీదనుంచే అడిగాడు కాబట్టి అర్థం తిరగబడింది, కొయ్య మారలేదు.

మీరు రాసిన "క్షమాపణ" కూడా గమ్మత్తైనదే. పేపర్లో మంత్రి క్షమాపణ చెప్పాడంటే తప్పు చేసినవాడు అడగడం, మందిరంలో పాపక్షమాపణ అంటే దేవుడు ఇవ్వడం, ఒకే మాట ఎదురుబొదురుగా నిలబడింది. నన్నడిగితే మన్నింపు అనండి, మన్నన కూడా ఆ ఇంటిదే, మన్నించడమంటే క్షమించడమే కాదు, అవతలివాడికి విలువ ఇవ్వడం కూడా.

ఇక తీర్పు అంటారా. నా ఓటు సిలువకి. అయితే పేపర్లలో శిలువ ఎన్నో ఏళ్ళుగా తిరుగుతోంది, పక్కనే కన్నడం వాళ్ళకీ శ ఉంది, కాబట్టి తప్పని కొట్టేసే ధైర్యం నాకు లేదు. కొట్టించిన ఫ్లెక్సీని చింపకండి, డబ్బులు దండగ. వచ్చే ఏడు స పెట్టించండి, బావగారు ఒప్పుకుంటే.