‘కకెరు’కి పదిహేను అర్థాలు: బట్టీ పట్టాలా?

ప్రశ్న: జీఎన్‌ఎం పూర్తి చేశాను. కేర్‌గివర్‌గా జపాన్ వెళ్లాలని ఆరు నెలలుగా జపనీస్ నేర్చుకుంటున్నా. ‘కకెరు’ అనే ఒక్క క్రియకే నోట్సులో పదిహేను అర్థాలు రాసుకున్నా, ఒక్కటీ గుర్తుండటం లేదు. ఈ భాష నాకు రాదేమో, మానేయమంటారా?
- ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మానేయొద్దమ్మా. మన ‘వేయడం’ చూడండి. తాళం వేస్తాం, ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, కేకలు వేస్తాం. చిన్నప్పుడు మనకెవరూ దీని అర్థాల పట్టీ ఇవ్వలేదు, పక్క మాటతో కలిపే విన్నాం. కకెరునీ అలాగే పట్టుకోండి. ‘కగి ఒ కకెరు’ తాళం వేయడం, ‘మెగనె ఒ కకెరు’ కళ్లజోడు పెట్టుకోవడం, ‘దెన్వా ఒ కకెరు’ ఫోన్ చేయడం. అర్థాల వరుస కొట్టేసి ఈ జంటలు రాసుకోండి. దీని తోడు క్రియ ‘కకరు’ మీకు ఇంకా తేలిక. తాళం పడటానికీ, టైం పట్టడానికీ వాళ్లు వాడేది అదే. మనం రెండుచోట్లా ‘పడుతుంది’ అన్నట్టే.

మీ వృత్తికి అన్నిటికంటే ముఖ్యమైన జంట ‘కోఎ ఒ కకెరు’. కోఎ అంటే గొంతు. పెద్దవాళ్లను ముట్టుకునే ముందు, పక్కకు తిప్పే ముందు ఏం చేయబోతున్నామో నోటితో చెప్పడం. జపాన్ కేర్ హోముల్లో దీన్ని ‘కోఎకకె’ అంటారు, పనిలో చేరగానే నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. చెప్పకుండా చెయ్యి వేస్తే మంచంలో ఉన్న మనిషి ఎంత ఉలిక్కిపడతారో నర్సింగ్ చదివిన మీకు తెలుసు.

ఇంటర్వ్యూలో ‘దోజో, ఒకకె కుదసాయ్’ అంటారు. అదీ కకెరే, కూర్చోండి అని. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఆ మాట అర్థంకాక అలాగే నిలబడిపోయింది. ఆమె జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి పాసైంది! ఆ జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, అందుకే చాలామంది గొంతెత్తి సాధన చేయరు. జపాన్‌లో ఈ పని చేయడానికి ఇచ్చే స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి భాష విషయంలో ఎన్4 గానీ, జేఎఫ్‌టీ బేసిక్ అనే మరో జపనీస్ పరీక్ష గానీ సరిపోతుంది. దాంతోపాటు కేర్ పనిలో నైపుణ్య పరీక్ష, ఆ రంగానికే పెట్టిన జపనీస్ పరీక్ష రాయాలి.

ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఈ రాత్రే మొదలుపెట్టండి. దుప్పటి కప్పే ముందు ‘మోఫు ఒ కకెమసు నె’ అని పైకి చెప్పండి. దుప్పటి కప్పుతున్నానండీ అని. ఆవిడ ఏమిటే అదీ అని అడిగితే తెలుగులో చెప్పి, మళ్లీ జపనీస్‌లో అనండి.