శీనుకి, నాన్న పాత చెస్ గేమ్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం గురించి

శీనూ,

నీ మెసేజ్ చూశాన్రా. ఫోన్లో చెప్దామనుకున్నా కానీ ఇలాంటివి ఫోన్లో చెప్తే సగం నువ్వు మర్చిపోతావు సగం నేను మర్చిపోతా, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, అచ్చుతప్పులుంటే సర్దుకో. నాన్న భీమరథ శాంతికి ఆయన పాత చెస్‌మాస్టర్ 4000 మళ్ళీ ఆడేలా చేసివ్వాలన్న ఆలోచన బావుంది. కానీ ఫ్లాపీలు అటక మీంచి దించగానే ఆన్‌లైన్‌లో ఒక యూఎస్‌బీ డ్రైవ్ తెప్పించి టకటకా లోపల పెట్టేస్తున్నావని రాశావు చూడు, అక్కడ గుండె ఆగినంత పనైంది నాకు. ముందు అది ఆపు.

ఫ్లాపీకి పైన ఇనప రేకు ఉంటుంది కదా, దాన్ని వేలితో పక్కకి జరిపి లోపల గుండ్రటి నల్ల రేకుని వెలుతురులో చూడు, మధ్యలో చక్రం కొంచెం తిప్పుతూ చుట్టూ చూడు. తెల్లగా చుక్కలు గానీ మరకలు గానీ కనిపిస్తే అది బూజు, అలాంటి ఫ్లాపీ డ్రైవ్‌లో పెడితే ఆ బూజు డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా గీసేస్తుంది. నేను సికింద్రాబాద్‌లో పీసీలు అసెంబుల్ చేసే రోజుల్లో ఒక కస్టమర్ ఇచ్చిన ఒక్క బూజు ఫ్లాపీతో మొత్తం బాక్సు ఫ్లాపీలు పాడు చేసుకున్నా, అవన్నీ నా సొంతవే, ఎవర్నీ అనడానికి లేదు. బాగున్నవి మాత్రం మూలన ఉన్న చిన్న ప్లాస్టిక్ నాబ్ జరిపి రెండు రంధ్రాలూ తెరుచుకుని కనపడేలా పెట్టు, అప్పుడు విండోస్ దాని మీద ఏమీ రాయలేదు. అప్పుడు డ్రైవ్‌లో పెట్టి ముందు ఇమేజ్ తీసుకో, అంటే ఫ్లాపీ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా కాపీ చేసుకో, విన్‌ఇమేజ్ అనే ప్రోగ్రామ్ చాలు, లైనక్స్ ఉంటే డీడీరెస్క్యూ ఇంకా మంచిది ఎందుకంటే చదవలేని చోట ఆగిపోకుండా ముందుకెళ్ళి మిగతాదంతా లాగి తర్వాత వెనక్కొచ్చి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఒక్కొక్కటీ 1.44 ఎంబీనే కదా, ఐదు నిమిషాల పని. పెద్దగా మెత్తగా వంగే 5.25 అంగుళాల ఫ్లాపీలు ఆ పెట్టెలో ఉంటే వాటిని ముట్టుకోకు, యూఎస్‌బీ డ్రైవ్‌లు అవి చదవవు.

ఇక అసలు గొడవ. సెటప్ నొక్కితే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని వస్తోందని రాశావు. ఫ్లాపీ తప్పు కాదు, నీ ల్యాప్‌టాప్ తప్పూ కాదు. నాన్న గేమ్ 1993 నాటిది, విండోస్ 3.1 కోసం రాసింది, అంటే 16 బిట్ ప్రోగ్రామ్. నీ దగ్గరున్నది 64 బిట్ విండోస్, దాంట్లో 16 బిట్ ప్రోగ్రామ్‌లు నడిపే ముక్కే పెట్టలేదు. 32 బిట్ విండోస్ 10 దాకా ఆ ముక్క ఉండేది, విండోస్ 11కి అసలు 32 బిట్ రకమే లేదు కాబట్టి ఆ దారి కూడా పోయింది. అందుకని కంపాటిబిలిటీ మోడ్‌లో విండోస్ 95 పెట్టి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి, అన్ని టిక్కులూ పెట్టి రాత్రంతా కూర్చోకు, నేను కూర్చున్నా ఒకప్పుడు, మీ పిన్ని లైటార్పేసి వెళ్ళిపోయింది.

అందరూ చేసే పొరపాటేంటంటే పాత ప్రోగ్రామ్‌ని కొత్త మెషీన్‌కి తగ్గట్టు మార్చాలని చూస్తారు, అది మారదు. దాని కాలం నాటి మెషీన్‌నే నీ ల్యాప్‌టాప్‌లో కట్టిపెట్టాలి. అందుకే మొదట తెలుసుకోవాల్సింది గేమ్ పేరు కాదు, అది డాస్‌దా (విండోస్‌కి ముందు కమాండ్లు టైప్ చేసి నడిపిన సిస్టమ్), విండోస్ 3.1దా, విండోస్ 95దా అనేది. మూడింటికీ మూడు వైద్యాలు.

డాస్‌వి తేలిక. డాస్‌బాక్స్ దించుకో, నీ ల్యాప్‌టాప్‌లో పాత డాస్ పీసీలా నటించే ప్రోగ్రామ్ అది, ఫ్రీనే. హార్డ్‌డిస్క్‌లో ఒక ఫోల్డర్ పెట్టి గేమ్ ఫైళ్ళు దాంట్లో వేసి, డాస్‌బాక్స్ తెరిచి మౌంట్ అని కొట్టి స్పేస్ ఇచ్చి సి అని కొట్టి మళ్ళీ స్పేస్ ఇచ్చి ఆ ఫోల్డర్ దారి ఇవ్వడమే (ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలిరా, తెలుగులో కాదు, నిన్ను నమ్మలేం). అప్పట్నుంచి ఆ ఫోల్డరే డాస్‌కి సి డ్రైవ్. ఫోల్డర్ పేరు 8 అక్షరాలు దాటనివ్వకు, మధ్యలో స్పేస్ పెట్టకు. బ్యాటిల్ చెస్ గుర్తుందా, నువ్వు మూడేళ్ళప్పుడు ఏనుగు రాతి భూతంలా మారి మంత్రిని మింగేస్తుంటే ఏడ్చి మీ అమ్మ చీర వెనక దాక్కున్నావు, 1988లో వచ్చిన గేమ్ అది, అది కూడా ఇలాగే నడుస్తుంది.

నాన్నది విండోస్ 3.1ది కాబట్టి ఒక మెట్టు ఎక్కువ. డాస్‌బాక్స్ లోపల విండోస్ 3.1 ఇన్‌స్టాల్ చేయాలి. నవ్వకు, నిజంగానే పడుతుంది. ఆ పెట్టెలోనే నాన్న పీసీతో వచ్చిన విండోస్ 3.1 ఫ్లాపీలు ఉండాలి, వాటిల్లోవన్నీ ఒకే ఫోల్డర్‌లో కాపీ చేసి సెటప్ నడిపితే ఫ్లాపీ మార్చమని అడక్కుండా పది నిమిషాల్లో ఎక్కేస్తుంది. ఎక్కాక ఒక్కటి మర్చిపోకు, మొదట అది 16 రంగుల్లోనే కనిపిస్తుంది, గేమ్‌కి 256 రంగులు కావాలి. డాస్‌బాక్స్ లోపల ఉన్నట్టు నటించే వీడియో కార్డు పేరు ఎస్3, దాని విండోస్ 3.1 డ్రైవర్ వెతికి దించుకుని విండోస్ సెటప్‌లో డిస్‌ప్లే దగ్గర అది ఎంచుకో. సౌండ్‌కి సౌండ్‌బ్లాస్టర్ 16 డ్రైవర్. తర్వాత చెస్‌మాస్టర్ సెటప్ నడుపు. అది రెండో డిస్క్ పెట్టమని పట్టుబడితే ఇమ్‌జ్‌మౌంట్ కమాండ్‌తో ఇమేజ్‌లన్నీ ఒకేసారి వరసగా ఎక్కించు, కంట్రోల్ ఎఫ్4 నొక్కినప్పుడల్లా తర్వాతి ఫ్లాపీ మారుతుంది, చేత్తో తీసి పెట్టినట్టే.

ఇంత అక్కర్లేదు బాబాయ్ అంటే విన్‌ఈవీడీఎం అని ఒకటుంది, 64 బిట్ విండోస్ మీదే నేరుగా 16 బిట్ విండోస్ ప్రోగ్రామ్‌లు నడుపుతుంది. ట్రై చెయ్యి, కానీ నేను దాన్ని ఎందుకు మొదట చెప్పలేదంటే దాంట్లో స్పీడు మన చేతిలో ఉండదు, చెస్ విషయంలో స్పీడే ప్రాణం.

ఇది కొంచెం నెమ్మదిగా చదువు. మామూలు గేమ్‌లో స్పీడు ఎక్కువైతే బొమ్మలు పరిగెడతాయి, కంటికి తెలిసిపోతుంది. చెస్‌లో అలా కాదు, బొమ్మలు మామూలుగానే కదుల్తాయి, స్పీడంతా లోపల ఆలోచనలోకి వెళ్ళిపోతుంది. నాన్న ఎప్పుడూ ఎత్తుకి 10 సెకన్లు పెట్టుకుని ఆడేవాడు. ఆ 10 సెకన్లలో అప్పటి 486 డీఎక్స్2 66 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఎంత లోతు చూస్తుందో అదే ఆయనకి తెలిసిన ప్రత్యర్థి. అదే 10 సెకన్లు పది రెట్లు స్పీడున్న మెషీన్‌కి ఇస్తే ఇంకో ఎత్తో రెండెత్తులో ఎక్కువ చూస్తుంది, పేరు అదే, బోర్డు అదే, కానీ ఎదురుగా కూర్చున్నది వేరే మనిషి. నా ఫ్రెండ్ ఒకడికి ఇలాగే ఎక్కించి ఇస్తూ ఎందుకులే అని స్పీడు మాక్స్‌లో పెట్టేశా, వాడు వరసగా పదకొండు ఆటలు ఓడిపోయి "ముసలాడినైపోయా, బుర్ర పోయింది" అని ల్యాప్‌టాప్ మూసేసి రెండు వారాలు దాని జోలికే వెళ్ళలేదు. విషయం తెలిసి నేనెళ్ళి స్పీడు దించాక మూడో ఆటలో గెలిచాడు, ఆ రోజు వాళ్ళింట్లో నాకు పెసరట్టు ఉప్మా దొరికింది.

కాబట్టి డాస్‌బాక్స్ సెట్టింగ్స్ ఫైల్లో సైకిల్స్ అనే లైను వెతుకు, స్పీడు అక్కడే ఉంటుంది. అక్కడ ఆటో అని ఉంటుంది, ఆటోలో మామూలు డాస్ ప్రోగ్రామ్‌లకి 3000 ఇచ్చి, పెద్ద ప్రోగ్రామ్‌లకి నీ మెషీన్ మొయ్యగలిగినంత ఇచ్చేస్తుంది. విండోస్ 3.1 ఆ రెండో రకంలోకి వస్తుంది, అంటే నీకు తెలీకుండానే మాక్స్ అయిపోతుంది. ఆటో తీసేసి ఫిక్స్‌డ్ అని రాసి పక్కన 25000 పెట్టు, నాన్న 486కి దగ్గర్లో ఉంటుంది, ఇది నా చేతి లెక్క, తూకం వేసినట్టు కరెక్ట్ కాదు. ఆడుతూ ఉండగానే కంట్రోల్ ఎఫ్11 తగ్గిస్తుంది, కంట్రోల్ ఎఫ్12 పెంచుతుంది, నీ ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు. నువ్వే కూర్చుని రెండాటలు ఆడి చూడకు, నీకు చెస్ రాదు. నాన్నని కూర్చోబెట్టి ఆయన మొహం చూడు, "ఇదేంట్రా ఇది ఇలా ఆడదే" అన్నాడంటే తగ్గించు. టైమ్‌తో కాకుండా ఇన్నెత్తుల లోతు అని పెట్టే లెవెల్స్‌కి మాత్రం ఈ బాధ లేదు, స్పీడు ఎంతున్నా అదే ఆట ఆడుతుంది, త్వరగా ఆడుతుందంతే.

ఇవన్నీ ఎందుకు బాబాయ్, ఫోన్లో స్టాక్‌ఫిష్ ఉంది కదా, అది ప్రపంచ ఛాంపియన్ని కూడా ఓడిస్తుంది కదా అని నువ్వు అడిగావు. అదే కదరా బాధ. ఎప్పుడూ ఓడించేదానితో ఎవరు ఆడతారు. బలం తగ్గించి ఆడిస్తే చాలాసేపు దేవుడిలా ఆడి మధ్యలో ఉన్నట్టుండి మంత్రిని ఊరికే ఇచ్చేస్తుంది, మనిషెవడైనా అలా ఆడతాడా. పాతవాటికి ఒక్కోదానికి ఒక్కో గుణం ఉండేది, ఎందుకంటే ఒక్కో మనిషి ఒక్కడే కూర్చుని రాసుకున్నాడు. చెస్‌మాస్టర్ లోపల ఎత్తులు ఆలోచించే ఇంజిన్ పేరు ది కింగ్, నెదర్లాండ్స్‌లో యోహాన్ డి కోనింగ్ రాశాడు, బంటుల్ని లెక్కచెయ్యకుండా రాజు మీదకి దూకేస్తుంది, నాన్నకి ఆ దూకుడంటేనే ఇష్టం. ఇంగ్లండ్‌లో రిచర్డ్ లాంగ్ రాసిన చెస్ జీనియస్ 1994లో లండన్‌లో ర్యాపిడ్ టోర్నమెంట్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌నే ఇంటికి పంపింది, తర్వాత సెమీఫైనల్లో దాన్ని ఆపింది మన ఆనంద్. ఆ రోజు నాన్న చేసిన హడావిడి నీకు తెలీదులే, పేపర్ ముక్క కత్తిరించి మానిటర్ పక్కన అంటించాడు. నాలుగేళ్ళకి 1998లో ఇటలీలో రెబెల్ 10 అనే ఇంకో చెస్ ప్రోగ్రామ్ అదే ఆనంద్ మీద 5-3తో గెలిచినప్పుడు మాత్రం పేపర్ కత్తిరించలేదు. "ఎక్కువ టైమిచ్చి ఆడిన స్లో గేమ్‌లు రెండూ కలిపి చూడు, ఆనంద్‌దే పైచేయి" అని నాతో వాదించాడు, అదీ నిజమే.

తర్వాత నువ్వడిగిన రెండో సీడీ, చెస్‌మాస్టర్ 5500. అది విండోస్ 95 రకం, గేమ్ 32 బిట్టే కాబట్టి నేరుగా నడిచే అవకాశం ఉంది. తంటా ఏంటంటే ఆ కాలంలో గేమ్ 32 బిట్ అయినా దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం చాలాసార్లు 16 బిట్ ఉండేది, అందుకే లోపల ఆరోగ్యంగా ఉన్నా గుమ్మం దగ్గరే పడిపోతుంది. అలా అయితే 86బాక్స్ అని ఒక ఎమ్యులేటర్, అంటే పాత పీసీలా నటించే ప్రోగ్రామ్, ఉంది, దాంట్లో విండోస్ 98 పెట్టి అక్కడ నడిపించు, మొదట సెట్ చేసుకోవడం కాస్త విసుగు కానీ ఒకసారి కుదిరాక పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. నేరుగా విండోస్ 11 మీద ఎక్కితే మాత్రం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఎక్కించకు, సి డ్రైవ్‌లో విడిగా చెస్ అని ఫోల్డర్ పెట్టి అక్కడ ఎక్కించు. పాత గేమ్‌లు సేవ్ చేసిన ఆటల్ని తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇప్పటి విండోస్ రాయనివ్వదు, గొడవెందుకని గుట్టుగా వర్చువల్‌స్టోర్ అని ఇంకో చోట దాస్తుంది, బ్యాకప్ తీసుకున్నామనుకుని ఫార్మాట్ కొట్టాక ఆటలన్నీ పోయాయని ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు. హెల్ప్ నొక్కితే తెరుచుకోదు, విండోస్ విస్టా నుంచే ఆ పాత హెల్ప్ చూపించే ప్రోగ్రామ్ తీసేశారు, దాని గురించి టైమ్ వేస్ట్ చేసుకోకు. కొన్ని సీడీల్లో కాపీ కొట్టకుండా పెట్టిన సేఫ్‌డిస్క్ తాళం కూడా విండోస్ 10 నుంచి పని చెయ్యదు, అలాంటివి 98లో పెట్టుకోవడమే దారి.

నాన్న సేవ్ చేసిన పాత ఆటలు హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయన్నావు. గేమ్‌లో తెరుచుకున్నాక ఎక్స్‌పోర్ట్ ఉంటే పీజీఎన్‌లోకి మార్చి పెట్టు, అది 1993 నుంచి ఉన్న మామూలు టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో కూడా చదవచ్చు, ఇప్పటి ఏ యాప్ అయినా తీసుకుంటుంది. ఎక్స్‌పోర్ట్ లేకపోతే ఒక్కో ఆటా చూస్తూ చేత్తో రాసుకోవడమే, నాన్నకి అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది. డాస్‌బాక్స్‌లో ఒక సుఖం ఏంటంటే ఆ సి డ్రైవ్ నిజానికి మామూలు ఫోల్డరే కాబట్టి మొత్తం ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి లాగేస్తే విండోస్, గేమ్, ఆటలు అన్నీ బ్యాకప్ అయిపోయినట్టే.

ఇచ్చే ముందు డెస్క్‌టాప్ మీద ఒకే ఒక్క ఐకాన్ ఉంచు. సెట్టింగ్స్ ఫైల్లో ఆఖరున ఆటోఎగ్జెక్ అనే చోట మౌంట్ కమాండూ విండోస్ తెరిచే కమాండూ రాసేస్తే ఐకాన్ నొక్కగానే నేరుగా వెళ్ళిపోతుంది, నాన్న ఏమీ టైప్ చెయ్యక్కర్లేదు. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాల్లో రెండు లైన్లు రాసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టు, ఆల్ట్ ఎంటర్ అంటే స్క్రీన్ నిండా, కంట్రోల్ ఎఫ్10 అంటే మౌస్ బయటికి. రెండోది లేకపోతే మౌస్ లోపల ఇరుక్కుందని రాత్రి పదకొండింటికి నాకే ఫోన్ చేస్తాడు.

బూజు పట్టిన ఫ్లాపీ ఏదైనా ఉంటే పారెయ్యకు, విడిగా కవర్లో పెట్టు. శాంతికి ముందురోజే వస్తాం నేనూ పిన్నీ, నా దగ్గర పాత డ్రైవ్ ఒకటుంది, పోయినా ఫర్లేదు, దాంట్లో చూద్దాం.

బాబాయ్