సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఫీజు విడతలు మార్చుకో

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. ఆరుగురున్న నీ ఆర్కిటెక్టు ఆఫీసు బిమ్‌కు, అంటే భవనాన్ని వివరాలతో సహా కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా కట్టే పద్ధతికి, మారితే తట్టుకోగలదా, దానికి రెవిట్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా ఆర్కిక్యాడా అని అడిగావు. సాఫ్ట్‌వేర్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. నీతో పనిచేసే స్ట్రక్చరల్ ఇంజనీరు, ఎమ్‌ఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగు) వాళ్లు ఏది వాడుతుంటే అదే తీసుకో. రెవిటే అయితే ఏ ఏడాది వెర్షనో అందరూ ముందే ఒప్పుకోండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు.

నువ్వు అడగని విషయమే అసలైంది. మామూలు క్యాడ్ డ్రాయింగులో గోడంటే రెండు గీతలు. మోడల్లో గోడ పెట్టాలంటే మందమెంత, ఎత్తెంత, ఇటుకా బ్లాకా, బీము కిందే ఆగుతుందా అన్నీ చెప్పాలి. మనవాళ్లు స్లాబు పోసేదాకా నాన్చే నిర్ణయాలన్నీ నెలల ముందుకొచ్చి కూర్చుంటాయి. అమెరికా ఆర్కిటెక్చర్ సంస్థ హెచ్‌ఓకేకు సీఈఓగా చేసిన ప్యాట్రిక్ మెక్‌లీమీ దీన్నే ఒక వంపు గీతగా గీసి చూపించాడు: శ్రమంతా ముందు దశలకు జరిగితే, మార్పులకు ఖర్చు తక్కువయ్యే వేళలోనే పని అయిపోతుంది. బాగానే ఉంది. కానీ నీ ఒప్పందంలో డబ్బు మాత్రం పాత చోటే, చివర్లో వచ్చే వర్కింగ్ డ్రాయింగ్స్ దగ్గరే ఉంది కదా! జీతాలు ఇప్పుడు, ఫీజు ఎప్పుడో. చిన్న ఆఫీసులు బిమ్ మొదలెట్టి మధ్యలో వదిలేయడానికి నేను చూసినంతలో కారణం ఇదే, తెలివి చాలక కాదు. అందుకని స్ట్రక్చర్, పైపులు డక్టుల్లాంటి సర్వీసులు అన్నీ మోడల్లో కుదిరిన రోజుకు ఒక ఫీజు విడత పెట్టుకో. ఓనరు దగ్గర బిమ్ అనే మాటే ఎత్తకు. పోసిన బీముకు తర్వాత కన్నం పెట్టే పని రాదని చెప్పు, అది అర్థమవుతుంది.

మొదటి పనిగా అపార్టుమెంటు వద్దు. ఒక అంతస్తు లాగే మిగతావన్నీ, కాబట్టి పెట్టిన శ్రమకు ఫలితం తక్కువ. నువ్వు రాసిన ఆ నర్సింగ్ హోమ్ తీసుకో. దాని కారిడార్ లెక్క చూడు. అంతస్తు ఎత్తు 3300 మిల్లీమీటర్లు. బీము 600 పోతే 2700. ఏసీ డక్టు 400 పోతే 2300. ఇన్సులేషన్, ఫాల్స్ సీలింగ్ ఫ్రేము పోగా 2200 మిగిలితే గొప్ప. ఇప్పుడు టాయిలెట్ల నుంచి వచ్చే 110 ఎంఎం పైపు ఆ డక్టుకు అడ్డంగా పోవాలి. 60కి 1 వాలు అంటే 6 మీటర్లు నడిచేసరికి 100 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ప్లానులో అవి ఒకదాన్నొకటి దాటిపోయే గీతలే, ఎవరికీ అభ్యంతరం ఉండదు. మోడల్లో పైపుకు దారే లేదని కనిపిస్తుంది. ఆ రోజే తెలిస్తే స్ట్రక్చరల్ ఇంజనీరు బీము లోతు తగ్గించి వెడల్పు పెంచవచ్చు, సరైన చోట పైపు దూరేలా బీములో స్లీవు వదలవచ్చు, లేదా మీరే పైపులు దిగే టాయిలెట్ షాఫ్టు ఇవతలకి జరపవచ్చు. పోశాక తెలిస్తే కాంక్రీటుకు కన్నం పెట్టే కోర్ కటింగ్ మెషీనే, లోపలి కడ్డీలు తెగకుండా ఉంటే అదృష్టం.

అందరి మోడళ్లనూ కలిపి చూసే నేవిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో మొదటిసారి క్లాష్‌లు, అంటే ఒకదానికొకటి తగిలే చోట్లు, చూసినప్పుడు వందల్లో వస్తాయి, బెదిరిపోకు. సీలింగ్ హ్యాంగరు ఇన్సులేషన్‌కు తగిలిందని కూడా అది లెక్కేస్తుంది. ముందు బీములతో డక్టులు, తర్వాత బీములతో డ్రైనేజీ పైపులు చూడు. వాలు మీద నడిచే పైపును కదపొద్దు, కరెంటు తీగలు మోసే కేబుల్ ట్రేను కదుపు. ప్రతి క్లాష్ పక్కన ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. అవి లేని మీటింగుకు టీ ఖర్చు దండగ.

నీ స్ట్రక్చరల్ ఇంజనీరు మోడల్ చెయ్యడన్నావు. చెయ్యకపోతే మానె. ఆయన డ్రాయింగుల్ని చూసి బీములు, స్తంభాలు మీవాళ్లే పెట్టి, సరిచూసినట్టు ఆయనతో రాతపూర్వకంగా ఒప్పించు. మోడల్‌కూ సంతకం చేసిన డ్రాయింగుకూ తేడా వస్తే ఏది చెల్లుతుందో కూడా ఒప్పందంలో ఉండాలి. కడ్డీల జోలికి మీరు వెళ్లొద్దు. స్కర్టింగులు, స్క్రూలు కూడా అక్కర్లేదు. కంపెనీల సైట్ల నుంచి దింపుకునే కుర్చీల మోడళ్లకు కుట్లతో సహా ఉంటాయి, ఫైలు బరువెక్కి కంప్యూటర్ మూలుగుతుంది.

ఆరుగుర్నీ ఒకేసారి మార్చకు. సైటు తెలిసిన ఒక సీనియర్, చెయ్యి చురుకైన ఒక జూనియర్ చాలు. హైదరాబాద్‌లో అమెరికా, బ్రిటన్ పనులు చేసిన మోడలర్లు దొరుకుతారు, సాఫ్ట్‌వేర్ వాళ్లకు కొట్టినపిండి. కానీ టాయిలెట్ల కింద దించి పోసే మన సంకెన్ స్లాబు, 9 అంగుళాల గోడ వాళ్లలో చాలామంది చేతిమీదుగా వెళ్లి ఉండవు. తీసుకుంటే తీసుకో, మొదటి నెల సైటుకు పంపించు.

బిమ్ సమాచారాన్ని ఎలా నడపాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 19650 మొత్తం నీ ఆఫీసుకు బరువే. అందులోంచి ఒక్క అలవాటు తెచ్చుకో: పని జరుగుతున్న ఫైళ్లు, పక్కవాళ్లకు ఇచ్చినవి, ఆమోదం పొందినవి, పాతవి, నాలుగూ నాలుగు ఫోల్డర్లలో ఉండాలి. మేస్త్రీ చేతికి మూడో ఫోల్డర్లోంచి తప్ప కాగితం వెళ్లకూడదు.

కారిడార్ వరకు మోడల్ అయ్యాక ఫైలు నాకు పంపు. ఫుటింగులు మొదలయ్యేలోపు పంపితే నయం.

మీ పెదనాన్న