18 పిన్నుల పిక్ ఐసీని 40 పిన్నుల జిఫ్ సాకెట్‌లో ఎక్కడ పెట్టాలి?

40 పిన్నుల జిఫ్ సాకెట్ (లివర్ ఎత్తి, బలం వాడకుండా ఐసీని పెట్టి తీసే సాకెట్) ఉన్న పిక్ మైక్రోకంట్రోలర్ల ప్రోగ్రామర్ బోర్డు కొన్నానని, 8, 18, 28 పిన్నుల ఐసీలను అందులో ఏ రంధ్రాల్లో పెట్టాలో, ఒక్కో సైజుకు వేరే అడాప్టర్ కొనాలో తెలియడం లేదని అడిగారు. అడాప్టర్‌కు డబ్బు పెట్టే ముందు, కోడ్ డంప్ చేసేటప్పుడు, అంటే ఐసీలోకి ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు, మీ బోర్డు సుమారు 13 వోల్టులను సాకెట్‌లోని ఏ రంధ్రానికి పంపుతుందో తెలుసుకోండి. మిగిలినదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

వెడల్పు గురించి పెద్దగా దిగులు పడనవసరం లేదు. సన్న ఐసీల్లో రెండు వరుసల మధ్య 7.62 మిల్లీమీటర్లు, వెడల్పు ఐసీల్లో 15.24 మిల్లీమీటర్లు ఉంటుంది. పొడవాటి చీలికలున్న జిఫ్ సాకెట్ రెండింటినీ పట్టుకుంటుంది. కొత్త ఐసీ కాళ్లు కొద్దిగా బయటికి విచ్చుకుని ఉంటాయి కాబట్టి, ఒక్కో వరుసను బల్ల మీద ఆనించి నెమ్మదిగా లోపలికి వంచితే చాలు.

నేను కంట్రోల్ ప్యానెళ్ల బోర్డులు మరమ్మతు చేస్తుంటాను. అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థలో పాఠం చెప్పే కుర్రవాడు ఒకసారి ఫోన్ చేసి, కోటి గుజరాతీ గల్లీలో కొన్న 18 పిన్నుల 16ఎఫ్628ఏ ఐసీలన్నీ డూప్లికేట్లని, ఒక్కటి కూడా రీడ్ కావడం లేదని వాపోయాడు. నేను వెళ్లి, నా ముందే ఒకటి పెట్టి చూపించమన్నాను. అతడు లివర్ ఎత్తి, గాటును (ఒకటో పిన్ను ఉన్న చివరను చూపే గుర్తును) లివర్ వైపు ఉంచి, ఐసీ ఒకటో పిన్నును సాకెట్ ఒకటో రంధ్రంలో దించి, లివర్ వేసి బటన్ నొక్కాడు. తెర మీద డివైస్ ఐడీ (ఐసీ తన రకాన్ని చెప్పే సంఖ్య) సున్నాగా వచ్చింది. వేలు ఆనిస్తే ఐసీ చురుక్కుమంది. "గాటు సరిగ్గానే ఉంది కదా అన్నా" అన్నాడు.

గాటు సరిగ్గానే ఉంది, కానీ ఆ బోర్డు తీగలు 40 పిన్నుల 16ఎఫ్877ఏ కోసం వేసినవి. ఆ అమరికలో 13 వోల్టులు ఒకటో రంధ్రానికి వస్తాయి. 628ఏలో ఆ వోల్టేజీ నాలుగో పిన్నుకు అందాలి. దాని ఒకటో పిన్ను ఆర్ఏ2 అనే మామూలు పిన్ను, సరఫరా వోల్టేజీని మించి దాదాపు ఏమీ భరించలేదు. గ్రౌండ్ వచ్చే 12, 31 రంధ్రాలను ఈ ఐసీ అసలు తాకనే తాకదు. నేను ఒక చిన్న జీరో పీసీబీ (రంధ్రాలు మాత్రమే ఉన్న ఖాళీ బోర్డు) ముక్క మీద 18 పిన్నుల ఐసీ బేస్ పెట్టి, ప్రోగ్రామర్ హెడర్ (బయటికి తీగలు తీసుకునే పిన్నుల వరుస) నుంచి ఐదు తీగలు లాగాను: 13 వోల్టులు 4కు, గ్రౌండ్ 5కు, క్లాక్ 12కు, డేటా 13కు, ఐదు వోల్టులు 14కు. అదే ట్యూబులోని కొత్త ఐసీ వెంటనే రీడ్ అయింది. అకారణంగా తిట్లు తిన్నది కోటి దుకాణదారు. అయితే ఐసీల విషయంలో నిర్దోషి అయిన ఆ దుకాణాలనే నేను వేరొక విషయంలో తప్పుపడతాను: బోర్డు మీద "8/14/18/20/28/40" అని అచ్చువేసి ఉంటే, ఏ సైజు ఎక్కడ కూర్చోవాలో చూపే కాగితం ముక్క ఒక్కటి కూడా ఇవ్వకుండా అమ్ముతారు.

నా పనిలో తగిలే పిక్ ఐసీలు పిన్నుల అమరికను బట్టి మూడు కుటుంబాలు. 12ఎఫ్675, 16ఎఫ్676, 16ఎఫ్690 వంటి 8, 14, 20 పిన్నులవి ఒక కుటుంబం: సరఫరా ఒకటో పిన్నుకు, గ్రౌండ్ సరిగ్గా దాని ఎదుటి పిన్నుకు, 13 వోల్టులు నాలుగో పిన్నుకు. 16ఎఫ్84ఏ, 628ఏ వంటి 18 పిన్నులవి రెండో కుటుంబం. 28, 40 పిన్నులవి మూడోది, ఇక్కడే నాకు ఎంతో నచ్చిన పొందిక ఉంది. 16ఎఫ్876ఏను 877ఏ చోటులోనే పైకి, ఒకటో రంధ్రం వైపుకు, జరిపి పెడితే దాని 19, 20, 27, 28 పిన్నులు నేరుగా 31, 32, 39, 40 రంధ్రాల్లో పడతాయి; గ్రౌండ్, సరఫరా, క్లాక్, డేటా నాలుగూ కుదిరిపోతాయి. కనుక మీ బోర్డు తీగలు కూడా 877ఏ కోసమే వేసినవైతే, 28 పిన్నుల ఐసీకి అడాప్టర్ అక్కరలేదు.

పిన్నుల లెక్క కలిసినంత మాత్రాన నమ్మకండి. పిక్ కాని ఏటీ89ఎస్52, ఏటీమెగా32 ఐసీలు రెండూ 40 పిన్నులవే, రెండింటికీ ప్రోగ్రామింగ్ పిన్నులు 6, 7, 8, 9 లే. అయినా మొదటిదానికి సరఫరా 40కి, గ్రౌండ్ 20కి ఇవ్వాలి. రెండోదానికి సరఫరా 10కి, గ్రౌండ్ 11కి. రీసెట్ కూడా మొదటిదానికి హై, రెండోదానికి లో. ల్యాబుల్లో ఈ రెండింటినీ ఒకే డబ్బాలో కలిపి పడేసే అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు.

టీఎల్866 వంటి యూనివర్సల్ ప్రోగ్రామర్ ఉంటే ఈ బాధ తక్కువ, ఎందుకంటే డిప్ ఐసీ (ఇలా రెండు వరుసల కాళ్లున్నది) ఏ సైజుదైనా లివర్ వైపే పెడతాం, ఏ పిన్నుకు ఏమివ్వాలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మీ వద్ద ఉన్నది సాదా బోర్డు కాబట్టి, సాకెట్ ఖాళీగా ఉన్నప్పుడే, యూఎస్‌బీ తీసేసి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (తీగ కలిసి ఉంటే బీప్ కొట్టే స్థానంలో) పెట్టి, హెడర్‌లోని ఐదు పిన్నులు ఏయే రంధ్రాలకు వెళ్తున్నాయో కాగితం మీద రాసుకోండి. జంపర్లు (తీగల దారి మార్చే చిన్న క్లిప్పులు) ఉంటే ఒక్కో స్థానానికి విడిగా రాయండి. ఆ కాగితాన్ని ఐసీ డేటాషీట్ పక్కన పెట్టి, ఐదూ కలిసిన చోటే ఐసీని దించండి. ఎక్కడా కలవకపోతే, పైన చెప్పినట్టు ఐసీ బేస్‌కు ఐదు తీగలు సోల్డర్ చేసుకోండి.